కణ భౌతిక డేటాను దేశాలు దాటించడం: ఏ పనికి ఏ సాధనం?

4 గిగాబైట్ల ఫైలు ఒకటి సెర్న్ నుంచి, అంటే జెనీవాలోని కణ భౌతిక ప్రయోగశాల నుంచి, హైదరాబాద్‌కు తెచ్చుకోవాలంటే ఏ సాధనమైనా సరిపోతుంది. టీ తాగి వచ్చేలోపు దిగిపోతుంది. అలాంటివే 50 వేల ఫైళ్లు, అంటే 200 టెరాబైట్లు తేవాల్సి వస్తే లెక్క మారిపోతుంది. కొన్ని మధ్యలో తెగుతాయి. కొన్ని సగమే వస్తాయి. ఒకటో రెండో పూర్తిగా వచ్చినట్టే కనబడి లోపల పాడై ఉంటాయి. తెగినవి ఏవో ఎవరు కనిపెడతారు, అర్ధరాత్రి రెండింటికి వాటిని మళ్లీ ఎవరు పంపుతారు అన్నదే అసలు ప్రశ్న. "ఏది వేగంగా పోతుంది" అని మొదలుపెట్టినవాళ్లు తరచూ తప్పు సాధనం దగ్గర తేలతారు. రెండు వైపులా యంత్రాలు సరిగ్గా అమర్చి ఉంటే ఈ సాధనాల్లో చాలావాటి వేగం ఇంచుమించు ఒకటే. తేడా కాపలా దగ్గర వస్తుంది.

అసలు తేవాలా?

ముందు ఈ ప్రశ్న వేసుకుంటే సగం మందికి మిగతా వ్యాసం అవసరం ఉండదు. సెర్న్‌లోని పెద్ద కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీ మీద నడిచే సీఎంఎస్ ప్రయోగం డేటానే తీసుకోండి. మినీ ఏఓడీ అనే కుదించిన రూపంలో ఒక్కో ఈవెంట్‌కు, అంటే నమోదైన ఒక్కో కణ తాకిడికి, సుమారు 50 కిలోబైట్లు పడుతుంది, ఇంకా కుదించిన నానో ఏఓడీలో 1 నుంచి 2 కిలోబైట్లు. 10 కోట్ల ఈవెంట్లకు మొదటిది 5 టెరాబైట్లు, రెండోది 200 గిగాబైట్లకు లోపే. మీ విశ్లేషణకు కావలసిన రాశులు నానో ఏఓడీలో ఉన్నాయో లేదో చూడడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించకుండా 5 టెరాబైట్లు దించుకునేవాళ్లే ఎక్కువ.

రెండో దారి, డేటాను అక్కడే ఉంచి దూరం నుంచి చదవడం. ఎక్స్‌రూట్‌డి అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇందుకోసమే పుట్టింది. రూట్ అనే కణ భౌతిక విశ్లేషణ సాఫ్ట్‌వేర్ రాసే ఫైలులో మీకు కావలసిన పది పదిహేను శాఖలను (రాశుల వరుసలను) మాత్రమే నెట్‌వర్క్ మీదుగా లాగుతుంది. కాకపోతే దూరం ఇక్కడ పన్ను వేస్తుంది. జెనీవాకూ భారతదేశానికీ మధ్య సంకేతం వెళ్లి తిరిగి రావడానికి, అంటే ఆర్‌టీటీకి, 150 మిల్లీసెకన్లు అనుకుందాం. ప్రోగ్రాం 10 వేల చిన్న ముక్కలను ఒక్కొక్కటిగా అడిగితే ఎదురుచూపులకే 25 నిమిషాలు పోతాయి, ఆ సేపంతా ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. రూట్‌లోని ట్రీ కాష్ చాలా ముక్కలను ఒకే అడుగులో అడుగుతుంది కాబట్టి దాన్ని ఎవరైనా ఆపేసి ఉన్నారేమో ముందు చూడండి. ఫైలులో నాలుగో వంతుకు మించి చదవనప్పుడు, అదీ ఒకటి రెండు సార్లే అయినప్పుడు దూరం నుంచి చదవడం నయం. ఒకే డేటా మీద నెలంతా పదిమంది పని చేస్తుంటే దగ్గర ప్రతి ఉండాల్సిందే. ఈ రెంటికీ మధ్య ఎక్స్‌కాష్ అనే ఏర్పాటు ఉంది: మొదటిసారి చదివిన ముక్కలు మీ దగ్గరి డిస్కు మీద నిలిచిపోతాయి, రెండోసారి సముద్రం దాటక్కర్లేదు. చిన్న విశ్వవిద్యాలయ విభాగానికి పూర్తి స్టోరేజీ కేంద్రం పెట్టడం కంటే ఇది నడపడం చాలా తేలిక.

ప్రయోగంలో సభ్యత్వం లేని విద్యార్థులకు సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ ఉంది. 2014 నుంచి నడుస్తోంది. సీఎంఎస్ 2011 డేటాతో 300 టెరాబైట్ల విడుదల ఇందులోనే ఉంది, మరో ఎల్‌హెచ్‌సీ ప్రయోగం అట్లాస్ కూడా 2024లో పరిశోధన కోసం 65 టెరాబైట్లు పెట్టింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దానికంటూ ఒక కమాండ్ లైన్ సాధనం ఉంది: ఫైళ్ల చిరునామాలు ఇస్తుంది, దించుతుంది, దించాక పరిమాణాన్నీ, ఫైలు పాడైందో లేదో చెప్పే చెక్‌సమ్ సంఖ్యనూ సరిపోల్చుతుంది. ఆఖరి అంచెను చాలామంది దాటేస్తారు, అది చేయండి.

పొడవాటి తీగ, చిన్న చెంబు

సాధనాల జోలికి వెళ్లేముందు ఒక లెక్క తెలియాలి, లేకపోతే ప్రతి సాధనాన్నీ "నెమ్మది" అని తిట్టి మార్చుకుంటూ పోతారు. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి టీసీపీలో పంపేవాడు అవతలి నుంచి "అందింది" అనే మాట వచ్చేలోపు కొంత డేటానే గాలిలో ఉంచగలడు. సెకనుకు 10 గిగాబిట్ల దారి, 150 మిల్లీసెకన్ల ఆర్‌టీటీ అయితే దారి నిండడానికి ఏ క్షణంలోనైనా 187.5 మెగాబైట్లు గాలిలో ఉండాలి. చాలా లైనక్స్ యంత్రాల మామూలు అమరికలో టీసీపీ పంపే బఫర్ (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమొరీ) గరిష్ఠ పరిమితి 4 మెగాబైట్లు, అందుకునేది 6. అందుకునే బఫర్‌లోనూ కొంత భాగం లోపలి లెక్కలకే పోతుంది. అందుకే ఒక్క ప్రవాహం సెకనుకు 20 నుంచి 28 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. దారి సామర్థ్యం 1,250 మెగాబైట్లు. మీరు వాడుతున్నది రెండు శాతం.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, రెండు వైపులా బఫర్ పరిమితులను పెంచడం. డేటా పంపే యంత్రం ఒక్కదానికే పెంచి, అందుకునే దాన్ని మర్చిపోతే ఫలితం సున్నా. రెండోది, ఎనిమిదో పదహారో సమాంతర ప్రవాహాలు తెరవడం. నిర్వాహకుడు బఫర్‌లు ముట్టుకోనివ్వని చోట ఇదే దిక్కు.

ప్యాకెట్ నష్టం ఇంకా పెద్ద శత్రువు. టీసీపీ వేగాన్ని అదుపు చేసే పాత రెనో పద్ధతిలో ఒక ప్రవాహం వేగం స్థూలంగా ప్యాకెట్ పరిమాణాన్ని ఆర్‌టీటీతోనూ, నష్టపు రేటు వర్గమూలంతోనూ భాగిస్తే వస్తుంది. 1,460 బైట్ల ప్యాకెట్లు, 150 మిల్లీసెకన్లు, లక్షలో ఒక ప్యాకెట్ నష్టం అనుకోండి: సెకనుకు 25 మెగాబిట్ల చుట్టూ వస్తుంది, అంతే. అదే నష్టం ఒకే ఊళ్లో రెండు యంత్రాల మధ్య ఉంటే ఎవరికీ తెలియదు కూడా. "క్యాంపస్‌లో కాపీ బ్రహ్మాండంగా పోతోంది, జెనీవా నుంచి మాత్రం రావడం లేదు, తప్పు అటువైపే" అనే వాదన వచ్చిన ప్రతిసారీ ముందు అనుమానించాల్సింది మీ భవనంలోని మురికి పట్టిన ఫైబర్ కొసనూ, చిన్న బఫర్ ఉన్న స్విచ్‌నూ. నేటి క్యూబిక్ పద్ధతి దీనికంటే కొంత మెరుగు. బీబీఆర్ పద్ధతి చిన్నపాటి నష్టాలను ఇంకా బాగా తట్టుకుంటుంది, అయితే దాన్ని పంపే యంత్రంలో పెట్టాలి. దించుకునేవాడు తన దగ్గర బీబీఆర్ పెట్టుకుంటే వచ్చే డేటాకు ఒరిగేదేమీ లేదు.

చేత్తో నడిపేవి

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ అందరికీ తెలిసిందే, అందుకే అందరూ ముందు దానితోనే మొదలుపెడతారు. ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన లాగిన్ దారి మీద నడిచినప్పుడు దానికి సొంత పరిమితి ఉంది: ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ లోపలి విండో సుమారు 2 మెగాబైట్లు. 150 మిల్లీసెకన్ల దూరంలో అది సెకనుకు 14 మెగాబైట్లు, రోజుకు 1.2 టెరాబైట్లు. టీసీపీ బఫర్‌లు ఎంత పెంచినా ఈ గోడ కదలదు. ఒక టెరాబైట్ లోపు డేటా, ఒకేసారి తెచ్చుకునే పని అయితే నిరభ్యంతరంగా ఆర్‌సింక్ వాడండి. రాత్రి పెట్టి పడుకుంటే మర్నాడు సాయంత్రానికి వచ్చేస్తుంది. ఇంకొంచెం వేగం కావాలంటే ఫైళ్ల జాబితాను ఆరు ముక్కలు చేసి ఆరు ఆర్‌సింక్‌లు నడపండి. అంతకు మించి సాగదీయడం అనవసరం.

ఆర్‌క్లోన్ వెబ్‌డావ్‌తోనూ (హెచ్‌టీటీపీ మీద ఫైళ్లు పంపే పద్ధతి) ఎస్3 తరహా క్లౌడ్ స్టోరేజీతోనూ మాట్లాడుతుంది, ఒకేసారి చాలా ఫైళ్లు పంపుతుంది. ప్రయోగాల కోసం దేశదేశాల కంప్యూటర్ కేంద్రాలను కలిపిన గ్రిడ్ బయట ఉన్న క్లౌడ్ స్టోరేజీతో పని పడినప్పుడు ఇది మేలు. అయితే డేటా మొత్తం దాన్ని నడిపే యంత్రం గుండానే పోతుందని గుర్తుంచుకోవాలి. బొంబాయి నుంచి కలకత్తాకు పంపే డేటా హైదరాబాద్‌లోని మీ డెస్క్‌టాప్ మీదుగా పోవడం ఎందుకు?

గ్రిడ్ లోపల ఉన్నవాళ్లకు ఎక్స్‌రూట్‌డి వాళ్ల కాపీ కమాండ్, జీఫాల్ కాపీ అనేవి రెండు మంచి చేతి పనిముట్లు. ఈ రెండూ మూడో పక్ష కాపీ చేయగలవు. అంటే మీ యంత్రం ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, డేటా ఒక స్టోరేజీ నుంచి ఇంకో స్టోరేజీకి నేరుగా పోతుంది. ఇక్కడ ఒక గోతి ఉంది. వెబ్‌డావ్ చిరునామాల మీద జీఫాల్ ముందు గమ్యం లాక్కునేలా చూస్తుంది, కుదరకపోతే మూలం నెట్టేలా చూస్తుంది, అదీ కుదరకపోతే ఏమీ అనకుండా మీ యంత్రం గుండా ప్రవహింపజేస్తుంది. కాపీ విజయవంతం అని వస్తుంది. మూడో పక్ష కాపీ పని చేస్తోందని మీరు సంబరపడతారు. నిజానికి రెండు కేంద్రాల మధ్య ఏదో తెగి ఉంది. పరీక్షించేటప్పుడు కాపీ విధానాన్ని లాగడం అనో నెట్టడం అనో బలవంతంగా నిర్ణయించండి. అప్పుడే అసలు తప్పు బయటికొస్తుంది. ఎక్స్‌రూట్‌డి కమాండ్‌లోనూ "మూడో పక్షం మాత్రమే" అనే ఎంపిక ఉంది, అదే వాడండి. దానితోపాటు ఆడ్లర్-32 చెక్‌సమ్ సరిపోల్చమనీ చెప్పండి.

కొన్ని వందల ఫైళ్ల వరకు ఇవి చాలు. వేలల్లోకి వెళ్లేసరికి మీరు షెల్ స్క్రిప్టు రాస్తారు, దానికి మళ్లీ ప్రయత్నించే తర్కం కలుపుతారు, విఫలమైన వాటి జాబితా కలుపుతారు, సమాంతరంగా ఎన్ని నడపాలో లెక్క కలుపుతారు. మూడు వారాలకు మీ చేతిలో పాడుబడ్డ ఎఫ్‌టీఎస్ (కింద చెప్పే బదిలీ సేవ) నమూనా ఒకటి తయారవుతుంది. అక్కడిదాకా రానివ్వకండి.

గ్లోబస్

చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే సేవ ఇది. నియంత్రణ వాళ్ల క్లౌడ్‌లో, డేటా మాత్రం రెండు కొసల మధ్య నేరుగా. తెగిన చోటి నుంచి అందుకోవడం, చెక్‌సమ్ సరిచూడడం, అయిపోయాక ఈమెయిల్ పంపడం అన్నీ దానంతటవే జరుగుతాయి. బ్రౌజర్‌లో రెండు కిటికీలు తెరిచి ఎడమ నుంచి కుడికి పంపడమే, గ్రిడ్ సర్టిఫికెట్ గొడవ లేదు. అమెరికా ప్రయోగశాలల సూపర్ కంప్యూటర్ల నుంచి 20, 30 టెరాబైట్ల సిమ్యులేషన్ తెచ్చుకోవాలంటే దీన్ని మించినది కనబడదు. మీ వైపు పర్సనల్ కనెక్టర్ పెట్టుకుంటే ఫైర్‌వాల్‌లో లోపలికి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. సర్వర్ పెడితే మాత్రం 443తో పాటు డేటా కోసం 50000 నుంచి 51000 దాకా తెరవాలి. ఇతరులతో ఫోల్డర్లు పంచుకోవడం లాంటి సౌకర్యాలకు సంస్థ చందా కట్టాలి, ఆ ఖర్చు ముందే కనుక్కోండి.

ఇది ఎక్కడ కుదరదంటే, ఎల్‌హెచ్‌సీ ప్రయోగాల నిత్య రవాణాలో. గ్లోబస్ టూల్‌కిట్‌కు దాని తయారీదారుల మద్దతు 2018 మొదట్లో ఆగిపోయింది, ప్రపంచ ఎల్‌హెచ్‌సీ గ్రిడ్ ఆ తర్వాత అందులోని గ్రిడ్ ఎఫ్‌టీపీ బదిలీ పద్ధతిని వదిలి వెబ్‌డావ్, ఎక్స్‌రూట్‌డి వైపు జరిగింది. ఎవరైనా పాత పత్రం చూసి "గ్రిడ్ ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టుకోండి" అంటే ఆ సలహా గడువు తీరిందనుకోండి.

ఎఫ్‌టీఎస్

ఫైల్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్, సెర్న్‌లో తయారైనది. దీనికి మూలం, గమ్యం జంటల జాబితా ఇస్తే మిగతాది అది చూసుకుంటుంది. ఒక్కో దారి మీద ఒకేసారి ఎన్ని ఫైళ్లు పోవాలో దాని ఆప్టిమైజర్ విజయాల శాతాన్నీ వేగాన్నీ చూస్తూ పెంచుతుంది, తగ్గిస్తుంది. ఫైళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడం మాత్రం దాని పని కాదు. పని ఇచ్చారు, చేసింది, మర్చిపోయింది. అది కేటలాగు అనుకుని వాడినవాళ్లు ఆరు నెలల తర్వాత "ఏది ఎక్కడుంది" అని తలపట్టుకుంటారు.

వేల నుంచి లక్షల ఫైళ్లు, రెండు మూడు కేంద్రాలు, కేటలాగు సొంతంగా ఉన్న ప్రయోగం అయితే ఎఫ్‌టీఎస్ ఒక్కటే చాలు. సర్వర్ సొంతంగా పెట్టుకోవాల్సిన పనీ ఉండకపోవచ్చు, మీ ప్రయోగానికి అనుమతి ఉన్న సర్వర్ ఎక్కడో ఇప్పటికే నడుస్తూ ఉంటుంది. పని సమర్పించేటప్పుడు మూడు మీటలు సరిచూడండి. చెక్‌సమ్ రెండు వైపులా అని పెట్టండి. మళ్లీ ప్రయత్నించే సంఖ్య 3 చాలు. పది పెడితే నిజంగా పాడైన కేంద్రాన్ని మీరే కొట్టి చంపుతారు. ఇక ఓవర్‌రైట్: మధ్యలో తెగిన ఫైలు గమ్యంలో సగం తునకగా మిగిలిపోతే తర్వాతి ప్రయత్నం "ఫైలు ముందే ఉంది" అని తిరిగొస్తుంది. డిస్కు గమ్యాలకు ఓవర్‌రైట్ ఇవ్వండి, టేపు గమ్యాలకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

ఫైలు సైజు విషయంలో ఎఫ్‌టీఎస్‌కు ఇష్టాయిష్టాలు ఉన్నాయి. ఒక్కో ఫైలుకు లాగిన్, చెక్‌సమ్, నమోదు కలిపి మూడు సెకన్లు పోతాయనుకోండి. 1 మెగాబైట్ ఫైళ్లు లక్ష ఉంటే, 20 సమాంతరంగా నడిచినా, నాలుగు గంటలకు పైనే పడుతుంది. పోయింది చూస్తే 100 గిగాబైట్లు, 10 గిగాబిట్ల దారికి 80 సెకన్ల పని. ముందే కలపండి, రూట్ ఫైళ్లకు హ్యాడ్ ఉంది, మిగతావాటికి టార్. 2 నుంచి 5 గిగాబైట్లు మంచి పరిమాణం. అలాగని 200 గిగాబైట్ల గుండు ఒకటి చేయకండి. హెచ్‌టీటీపీ మూడో పక్ష కాపీ తెగితే మొదటి బైటు నుంచే మొదలవుతుంది. 95 శాతం దగ్గర తెగిన గుండును మూడుసార్లు చూస్తే ఎవరికైనా విరక్తి పుడుతుంది.

రూసియో

అట్లాస్ కోసం తయారైన డేటా నిర్వహణ వ్యవస్థ ఇది, 2014 చివర నుంచి నడుస్తోంది. సీఎంఎస్ 2020లో తన పాత ఫెడెక్స్ (PhEDEx) వ్యవస్థ వదిలి దీనికి మారింది, జపాన్‌లోని బెల్-2 ప్రయోగం 2021లో. రూసియోకు మీరు "పంపు" అని చెప్పరు. "ఈ డేటాసెట్‌కు భారతదేశంలోని టైర్-2 కేంద్రాల్లో ఒక ప్రతి, ఆరు నెలలపాటు ఉండాలి" అని నియమం పెడతారు (టైర్-1, టైర్-2 అంటే గ్రిడ్‌లోని కేంద్రాల అంతస్తులు; సెర్న్ తర్వాత పెద్దవి టైర్-1లు, వాటి తర్వాతివి టైర్-2లు). ప్రతి ఉందా అని అది చూసుకుంటుంది, లేకపోతే ఎఫ్‌టీఎస్‌కు పురమాయిస్తుంది, పాడైతే మరో చోటి నుంచి తెప్పిస్తుంది, గడువు తీరాక చెరిపేస్తుంది. కాపలా అనే మాటకు సరైన అర్థం ఇదే.

మీ ప్రయోగంలో ఇది ఇప్పటికే ఉంటే వేరే ఆలోచనే వద్దు. ఐఐటీ హైదరాబాద్ బెల్-2లో సభ్యసంస్థ. అలాంటి చోట పని చేసేవాళ్లకు ఆర్‌సింక్ ప్రశ్నే రాకూడదు. ఎదుర్కోవాల్సిన చిక్కులు వేరే ఉంటాయి. గడువు పెట్టకుండా నియమాలు పెట్టేస్తే కేంద్రం డిస్కు నిండిపోతుంది, చెరిపే యంత్రాంగం వాటిని ముట్టుకోదు, నిర్వాహకుడు ఫోన్ చేస్తాడు. నియమం "స్టక్" అని చూపిస్తే కంగారుపడి దాన్ని తీసేసి కొత్తది పెట్టకండి, రిపేరర్ తనంతట తాను మళ్లీ ప్రయత్నిస్తుంది. ముందు ఏ ఫైళ్ల దగ్గర, ఏ తప్పుతో ఆగిందో చదవండి. నూటికి తొంభైసార్లు మూలం ఒక్కటే ఉండి అది పాడై ఉంటుంది, లేదంటే మీ కోటా అయిపోయి ఉంటుంది.

కొత్త చిన్న ప్రయోగం తనంతట తాను రూసియో పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు, అయితే దీనికి డేటాబేస్, సాధారణంగా పోస్ట్‌గ్రెస్, కావాలి. కంటెయినర్లలో నడిచే డజనుకు పైగా డీమన్లు (వెనక నిరంతరం నడిచే ప్రోగ్రాములు) కావాలి, కింద ఎఫ్‌టీఎస్ కావాలి. వీటన్నిటినీ చూసుకోవడానికి సగం పొద్దయినా కేటాయించగల మనిషి ఒకరు ఉండాలి. కేంద్రాలు నాలుగుకు మించి, డేటా పెటాబైట్‌కు చేరుతుందన్నప్పుడే ఈ బరువుకు అర్థం ఉంటుంది. అంతకు లోపు ఎఫ్‌టీఎస్, దాని పక్కన చిన్న పట్టిక చాలు.

డిస్కుల పెట్టె

నవ్వకండి. దక్షిణ ధ్రువం దగ్గరి ఐస్‌క్యూబ్ న్యూట్రినో ప్రయోగం వడకట్టిన డేటాను మాత్రమే, రోజుకు సుమారు 100 గిగాబైట్లు, ఉపగ్రహం ద్వారా పంపి ముడి డేటాను డిస్కుల మీదే బయటికి తెస్తుంది. లెక్క వేసి చూసుకోవాల్సిందే. 100 టెరాబైట్లకు నిజంగా దక్కే వేగం 100 మెగాబిట్లయితే 93 రోజులు, 1 గిగాబిట్ అయితే 9 రోజులు, 10 గిగాబిట్లయితే 22 గంటలు. డిస్కు వైపు లెక్క: 20 టెరాబైట్ల డిస్కు సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున నిండడానికి 22 గంటలు, ఐదింటిని పక్కపక్కన నింపితే ఒక రోజు, అవతల మళ్లీ ఖాళీ చేయడానికి మరో రోజు, మధ్యలో కొరియర్, దేశం దాటితే కస్టమ్స్. 1 గిగాబిట్ దారి దక్కితే పెట్టె అక్కర్లేదు. 100 మెగాబిట్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లు పెట్టెను ఎంచుకునే ముందు పైన చెప్పిన బఫర్ లెక్క చూసుకోండి. చాలాసార్లు ఆ 100 మెగాబిట్లు దారి ఇచ్చేది కాదు, అమరిక ఇచ్చేది. పెట్టెనే పంపితే చెక్‌సమ్ జాబితాను విడిగా ఈమెయిల్‌లో పంపండి, అవతల సరిచూసే వరకు మూలాన్ని ముట్టుకోకండి.

ఏ దారి గుండా?

సెర్న్ నుంచి టైర్-1 కేంద్రాలకు ఎల్‌హెచ్‌సీ ఓపీఎన్ అనే ప్రత్యేక దారి ఉంది, టైర్-2లకు అందులో చోటు లేదు. వాటికి ఎల్‌హెచ్‌సీ వన్ అనే ఉమ్మడి నెట్‌వర్క్. బెల్-2, నోవా (న్యూట్రినో ప్రయోగం) లాంటి ఎల్‌హెచ్‌సీయేతర ప్రయోగాలనూ ఇందులోకి అనుమతించారు. మన దేశంలో ముంబైలోని టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థ సీఎంఎస్‌కు, కోల్‌కతాలోని వీఈసీసీ పరిశోధన సంస్థ ఆలిస్ అనే మరో ఎల్‌హెచ్‌సీ ప్రయోగానికి టైర్-2లు. దేశం లోపలి దారి నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్. నోవాలో సభ్యులైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం లాంటి చోట కొన్ని టెరాబైట్లు తెచ్చుకునేవాళ్లకు ఎల్‌హెచ్‌సీ వన్ అక్కర్లేదు, మామూలు పరిశోధన నెట్‌వర్కే సరిపోతుంది. నెలకు వందల టెరాబైట్లు కదిలే స్టోరేజీ ఉన్నప్పుడే దానికోసం అడగండి.

చేరాక చేసే మొదటి తప్పు, క్యాంపస్ మొత్తం అడ్రసులను అందులో ప్రకటించడం. స్టోరేజీ యంత్రాల అడ్రసులను మాత్రమే ప్రకటించాలి. రెండోది, పోయే దారి ఎల్‌హెచ్‌సీ వన్ అయి వచ్చే దారి మామూలు ఇంటర్నెట్ కావడం. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే మొదలు చూడని సంభాషణను అది తెంపేస్తుంది. డేటా యంత్రాలను క్యాంపస్ ఫైర్‌వాల్ వెనక కాకుండా సరిహద్దు రౌటర్ పక్కనే పెట్టి, రౌటర్‌లోనే అడ్రసుల వారీ కట్టడి పెట్టడం దీనికి తెలిసిన విరుగుడు. క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌తో ఈ మాట ఒప్పించడానికి మిగతా పనులన్నిటికంటే ఎక్కువ సమయం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

లక్షణం చూసి రోగం చెప్పడం

జాబితా చూడడం పని చేస్తుంది, కాపీ మొదలై సున్నా దగ్గర ఆగిపోతుంది: జంబో ఫ్రేములు, అంటే మామూలు కంటే పెద్ద ప్యాకెట్లు. మీవైపు 9,000 బైట్లు, మధ్యలో ఎక్కడో 1,500, ఆ సంగతి చెప్పే ఐసీఎంపీ సందేశాలను ఎవరో అడ్డేశారు. చిన్న ప్యాకెట్లు దూరతాయి, పెద్దవి మాయమవుతాయి. ఐపీవీ6లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ మధ్యలోని రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు.

కొన్ని ఫైళ్లు వస్తాయి, కొన్ని ఎప్పుడూ రావు: డీక్యాష్ (మరో స్టోరేజీ సాఫ్ట్‌వేర్), ఎక్స్‌రూట్‌డి రెండింట్లోనూ ముందు ద్వారం చిరునామా చెప్పి, డేటా కోసం మిమ్మల్ని వెనక యంత్రానికి పంపుతుంది. ద్వారం పోర్టు, ఎక్స్‌రూట్‌డికి 1094, ఒక్కటే తెరిచి వెనక యంత్రాలను మరిస్తే ఇలాగే ఉంటుంది. డీక్యాష్‌లో పూల్ అని పిలిచే ఈ వెనక యంత్రాలకు మామూలు అమరికలో 20000 నుంచి 25000 పోర్టులు కావాలి. విఫలమైన ఫైళ్లన్నీ ఒకే పూల్‌లో ఉన్నాయేమో చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

లాగితే రాదు, నెడితే పోతుంది: గమ్యం యంత్రాల నుంచి బయటికి దారి లేదు, లేదా మూలం సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి గమ్యంలో నమోదు కాలేదు. రాత్రికి రాత్రి అన్ని బదిలీలూ ఒక్కసారే చచ్చిపోతే సర్టిఫికెట్ రద్దు జాబితాలు తాజా కావడం ఆగిపోయిందేమో చూడండి. పన్నెండు గంటలకు సరిగ్గా ఆగితే ప్రాక్సీ (సర్టిఫికెట్ నుంచి తీసిన తాత్కాలిక గుర్తింపు) గడువు. ప్రాక్సీ బతికే ఉన్నా అందులోని ప్రయోగ సభ్యత్వ భాగం ముందే చచ్చిపోవచ్చు, రెండు గడువులూ విడివిడిగా చూడాలి. సర్టిఫికెట్లకు బదులు టోకెన్లు (కొద్దిసేపే చెల్లే అనుమతి పత్రాలు) వాడుతుంటే గడియారం. యంత్రం టైము కొన్ని నిమిషాలు వెనకబడితే టోకెన్ "ఇంకా పుట్టలేదు" అని తిరస్కరిస్తుంది. టోకెన్ల గొడవ చిన్నచోట్లకే కాదు. 2024 ఫిబ్రవరి 12 నుంచి 23 వరకు జరిగిన డేటా ఛాలెంజ్ అనే గ్రిడ్ పరీక్షలో హై ల్యూమినాసిటీ ఎల్‌హెచ్‌సీ (రాబోయే మెరుగైన ఎల్‌హెచ్‌సీ) అవసరాల్లో 25 శాతం లక్ష్యంగా పెట్టుకుని తోసి చూస్తే, తీగల కంటే టోకెన్లు, ఎఫ్‌టీఎస్ లాంటి పొరలే ముందు మూలిగాయి.

చెక్‌సమ్ తప్పు వస్తే కంగారుపడే ముందు రెండు విలువలనూ కళ్లారా చూడండి. ఆడ్లర్-32 ఎనిమిది అంకెల హెక్సా సంఖ్య. మొదటి అంకె సున్నా అయితే కొన్ని వ్యవస్థలు దాన్ని రాల్చేసి ఏడే చూపిస్తాయి. పదహారింట్లో ఒక ఫైలు చొప్పున తప్పుతుంటే ఇదే. ఎనిమిదీ ఉండి వేరుగా ఉంటే మాత్రం ఫైలు నిజంగానే పాడైంది.

టేపు మీది డేటా అయితే ముందు దాన్ని డిస్కు మీదికి తెమ్మని అడగండి, తర్వాత కాపీ. ఎల్‌టీఓ-9 టేపు సెకనుకు 400 మెగాబైట్లు ఇస్తుంది గానీ ఎక్కించి, కావలసిన చోటికి తిప్పడానికి నిమిషాలు పడుతుంది. ఫైళ్లను ఒక్కొక్కటిగా అడిగితే రోబో అదే టేపును పదిసార్లు ఎక్కించి దించుతుంది. మొత్తం జాబితా ఒకేసారి ఇవ్వండి. ఎఫ్‌టీఎస్, రూసియో ఈ పని చేస్తాయి, మీ స్క్రిప్టు చేయదు.

పెద్ద బదిలీకి ముందు మూడు ఫైళ్లు, తర్వాత మూడు వందలు, ఆ తర్వాతే మిగతావి. మూడు ఫైళ్లు దారి తెరిచి ఉందని చెబుతాయి. మూడు వందల దగ్గరే మీ డిస్కు ఎంత తట్టుకుంటుందో బయటపడుతుంది, ఎందుకంటే ఒక్క ప్రవాహానికి 250 మెగాబైట్లు ఇచ్చే డిస్కు ముప్పై సమాంతర రాతలకు అందులో పావు వంతు కూడా ఇవ్వకపోవచ్చు. దారిని పరీక్షించేటప్పుడు పర్ఫ్‌సోనార్ అనే నెట్‌వర్క్ కొలత సాధనంతో మెమొరీ నుంచి మెమొరీకి కొలవండి. అది 9 గిగాబిట్లు చూపించి మీ కాపీ 1 గిగాబిట్ దగ్గర ఉంటే నెట్‌వర్క్ వాళ్లకు ఫిర్యాదు రాయకుండా రైడ్ కంట్రోలర్ (డిస్కులను కలిపి నడిపే భాగం) వైపు తిరగండి.

మూలం చెరపాల్సి వస్తే గమ్యంలోని చెక్‌సమ్‌ను కేటలాగులో రాసి ఉన్నది చూసి నమ్మకండి. డిస్కు మీది ఫైలును మళ్లీ చదివించి లెక్కించమని అడగండి. అది సరిపోలిన తర్వాత కూడా ఒక వారం ఆగండి.